అమెరికా ఎమ్మెస్ బడ్జెట్: ఇంకా రాని సంపాదనను లెక్కలో వేయవచ్చా?

మొదటి వక్త: అమెరికాలో ఎమ్మెస్‌కు వెళ్లే విద్యార్థి కుటుంబం చూసే మొదటి లెక్క ఐ-20లో ఉంటుంది. విశ్వవిద్యాలయం పంపే ఈ పత్రంలో ట్యూషన్ ఫీజు, నివాస ఖర్చు, ఇన్సూరెన్స్, పుస్తకాలు కలిపి ఒక మొత్తం వేస్తారు. అంత డబ్బుకు ఆధారం చూపితేనే ఎఫ్-1 వీసాకు దారి తెరుచుకుంటుంది. ఆ అంకెనే మొత్తం చదువు ఖర్చుగా తీసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. నిజానికి అది ఒక విద్యా సంవత్సరానికి వేసిన అంచనా, చాలాచోట్ల తొమ్మిది నెలలకే వేసినది. కోర్సు మాత్రం సాధారణంగా నాలుగు సెమిస్టర్లు. మధ్యలో వచ్చే వేసవిలో క్లాసులు ఉండకపోవచ్చు, అద్దె మాత్రం ఆగదు. ఒక మోస్తరు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సెమిస్టర్‌కు 9,000 డాలర్ల ఫీజు అనుకుంటే నాలుగింటికి 36,000. నెలకు 1,000 చొప్పున 22 నెలల బతుకు ఖర్చు 22,000. చాలా విశ్వవిద్యాలయాల్లో తప్పనిసరి అయిన ఆరోగ్య బీమాకు రెండేళ్లకు 4,000. విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థ అయిన సెవిస్‌కు ఫీజు 350, వీసా ఫీజు 185, విమాన టికెట్, లాప్‌టాప్, ఇంటి అడ్వాన్సు, చలి బట్టలు కలిపి మరో 4,000. అన్నీ కూడితే 66,000 డాలర్లు. డాలరు 90 రూపాయల దగ్గర ఉంటే ఇది 59 లక్షల 40 వేలు. విమానం ఎక్కక ముందే ఈ మొత్తానికి సొంత డబ్బో, మంజూరైన అప్పో సిద్ధంగా ఉండాలి. అక్కడ సంపాదిస్తామన్న డబ్బును బడ్జెట్‌లో సున్నాగానే వేయాలి.

రెండో వక్త: ఖర్చుల కూడికతో పేచీ లేదు. సున్నాతోనే పేచీ. ఎఫ్-1 విద్యార్థి క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, సెలవుల్లో పూర్తికాలం పని చేయడానికి చట్టమే అనుమతిస్తోంది. గంటకు 12 డాలర్ల చొప్పున 20 గంటలకు వారానికి 240. రెండు సెమిస్టర్లకు 30 వారాలు వేసుకున్నా ఏడాదికి 7,200 డాలర్లు. సాధారణంగా మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాల వరకు విద్యార్థి జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండవు. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల భారతీయ విద్యార్థికి స్టాండర్డ్ డిడక్షన్ కూడా దక్కుతుంది. మిగతా దేశాల విద్యార్థులలో చాలామందికి లేని సౌకర్యం ఇది. కాబట్టి ఆ 7,200లో దాదాపు అంతా చేతికొస్తుంది. నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఒకరి అద్దె, సరుకులు చాలావరకు దానితో గడుస్తాయి. ఇంత స్పష్టంగా ఉన్న అవకాశాన్ని సున్నా అని రాస్తే కుటుంబం అవసరానికి మించి అప్పు చేస్తుంది, వాడని డబ్బుకూ వడ్డీ కడుతుంది. లేదంటే ఆ 60 లక్షల అంకె చూసి ప్రయాణమే మానుకుంటుంది. జాగ్రత్త అనుకున్నది అలా అడ్డుగోడ అవుతుంది.

మొదటి వక్త: అనుమతి ఉందంటే ఉద్యోగం ఉన్నట్టు కాదు. క్యాంపస్‌లో ఉండేవి డైనింగ్ హాలు, లైబ్రరీ, పార్కింగ్, ల్యాబ్ లాంటి కొన్ని పనులు. ఆగస్టులో దిగిన వందల మంది ఒకేసారి వాటికోసం తిరుగుతారు. చిన్న ఊళ్లలో ఉండే విశ్వవిద్యాలయాల్లో పోటీ ఇంకా ఎక్కువ. అసలు ప్రమాదం ఆ పని దొరకనప్పుడు మొదలవుతుంది. 7,200 వస్తాయని బడ్జెట్ వేసుకున్నవాడికి అవి రాకపోతే ఆ లోటు ఎక్కడో ఒకచోట పూడాలి. గ్యాస్ స్టేషన్‌లో, రెస్టారెంటులో చేతికి నగదిచ్చే పని అప్పుడే కనిపిస్తుంది. అది ఎఫ్-1 హోదాకే ఎసరు. 2025 ఆరంభంలో వలస చట్టాల అమలు బిగిసినప్పుడు అలాంటి పనులను భయంతో వదిలేసిన విద్యార్థుల గురించి పత్రికలు రాశాయి. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ పని మీద అద్దె కడుతున్నవాడు దాన్ని వదిలితే మరుసటి నెల ఎలా గడుపుతాడు? బడ్జెట్‌లో పెట్టుకున్న ఆశ చివరకు చట్టంతో చిక్కుగా మారే దారి ఇదే. డబ్బు లోటు ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పాల్సిన పని లేదు.

రెండో వక్త: క్యాంపస్ బయట చేసే పనిని ఏ బడ్జెట్లోనూ రాయకూడదు, ఇందులో రెండో మాట లేదు. అయితే మిగతా సంపాదనలన్నీ ఒకే రకం కావు. విభాగం రాతపూర్వకంగా ఇచ్చిన అసిస్టెంట్‌షిప్ ఉంటే విశ్వవిద్యాలయమే దాన్ని ఐ-20లో నిధుల వరుసలో చూపిస్తుంది, కుటుంబం చూపాల్సిన మొత్తం ఆ మేరకు తగ్గుతుంది. ఫీజు మాఫీతో వచ్చే రీసెర్చ్ లేదా టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఒక్కటి దొరికితే పైన వేసిన 36,000లో పెద్ద భాగమే ఎగిరిపోతుంది. ఇది ఆశ కాదు, చేతిలో ఉన్న కాగితం. దీన్ని మొత్తంగా లెక్కలో వేయాలి. క్యాంపస్ పని మొదటి సెమిస్టర్‌కు సున్నా, రెండో సెమిస్టర్ నుంచి సగం అని వేయవచ్చు. మొదటి ఏడాది పూర్తయ్యాక సీపీటీ, అంటే చదువులో భాగంగా పని చేసే అనుమతి, మీద చేసే వేసవి ఇంటర్న్‌షిప్‌ను మాత్రం వేయకపోవడమే మంచిది, వస్తే అప్పు తీర్చడానికి వాడుకోవచ్చు. ఏది ఎంత నమ్మకమో చూసి వేసే లెక్కకూ, అన్నిటినీ ఒకే గాటన కట్టి కొట్టేసే లెక్కకూ చాలా తేడా ఉంది.

మొదటి వక్త: చేతిలో ఉన్న అసిస్టెంట్‌షిప్ లేఖను లెక్కించడం న్యాయమే. కానీ ఎమ్మెస్‌కు అడ్మిషన్‌తో పాటే అలాంటి లేఖ వచ్చేది కొద్దిమందికి, అది ఎక్కువగా పీహెచ్‌డీవారికి దక్కే వరం. ఇక ఖర్చు వైపు చూస్తే, తగ్గించుకోవడానికి కనిపించినంత చోటు లేదు. డబ్బు చాలలేదని ఈ సెమిస్టర్‌కు ఒక కోర్సు తగ్గించుకుందామంటే కుదరదు. ఎఫ్-1లో ఉండాలంటే పూర్తికాలపు క్రెడిట్లు తీసుకోవాల్సిందే, మాస్టర్స్‌లో చాలాచోట్ల అది తొమ్మిది. డాలస్ చుట్టుపక్కల కారు లేనిదే కూరగాయలు తెచ్చుకోవడం కూడా కష్టం. పాత కారు కొంటే దాని ఇన్సూరెన్స్ నెలనెలా పీడిస్తుంది. ఏ ఐ-20లోనూ కారు ఉండదు.

రెండో వక్త: నివాస ఖర్చులో ఐ-20 అంచనా కంటే తెలుగు విద్యార్థులు తక్కువకే గడుపుతున్నారన్నది కూడా నిజం. రెండు పడగ్గదుల ఇంట్లో నలుగురు, అయిదుగురు ఉంటారు. ప్రెషర్ కుక్కరు, పొడులు, పచ్చళ్లు సామానులోనే వెళ్తాయి. వంట వంతులవారీగా సాగుతుంది. బియ్యం, పప్పు ఇండియన్ స్టోరులో పెద్ద బస్తాలుగా తెచ్చి పంచుకుంటారు. బస్సు సౌకర్యమున్న ఊరిని ఎంచుకుంటే కారు బెడద ఉండదు. ఊరి ఎంపిక కూడా బడ్జెట్‌లో భాగమే. పెద్ద నగరంలో అద్దె ఎక్కువ, పని అవకాశాలూ ఎక్కువ. చిన్న ఊళ్లో రెండూ తక్కువ. అందుకే ఖర్చునూ సంపాదననూ విడదీసి చూడటం కుదరదు.

మొదటి వక్త: ఐ-20కి ఇంకో వైపు కూడా ఉంది. వీసా కోసం కొందరు బంధువుల ఖాతాల్లో, దళారుల ద్వారా, కొద్ది రోజులకు డబ్బు నిలిపి బ్యాలెన్స్ చూపిస్తారు. వీసా అధికారి ముందు పెట్టిన బడ్జెట్ ఒకటి, ఇంట్లో అనుకున్నది మరొకటి. ఆ రెండింటి మధ్య ఖాళీని పూడ్చాలనుకునేది అక్కడి సంపాదనతోనే. రాబోయే ఆదాయాన్ని లెక్కలోకి రానిస్తే ఇలాంటి మాయలెక్కలకు తలుపు తీసినట్టే.

రెండో వక్త: ఆ పని తప్పు, ప్రమాదం కూడా. అయితే దానికి కారణం అత్యాశ ఒక్కటే కాదు. గుంటూరు జిల్లాలోనో నల్గొండలోనో నాలుగెకరాలున్న రైతుకు ఆస్తి ఉంటుంది, బ్యాంకులో నిల్వ ఉండదు. చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే నెట్‌వర్త్ పత్రంలో కోటి రూపాయలు కనిపించినా అందులో చేతికి వచ్చే నగదు లక్ష కూడా ఉండకపోవచ్చు. మంజూరైన విద్యారుణం లేఖ అతనికి నిజాయితీగా దొరికే దారి. కాబట్టి చర్చ అప్పు దగ్గరకే రావాలి.

మొదటి వక్త: అప్పు లెక్క చూద్దాం. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ల వాయిదాలు అనుకుంటే, మొత్తం ఒకేసారి తీసిన రోజు నుంచే నెలకు 36,667 రూపాయల వడ్డీ పుడుతుంది. చదువుకునే రోజుల్లో, ఆ తర్వాత ఆరు నెలలో ఏడాదో వాయిదాలు కట్టనక్కర్లేదని ఇచ్చే వెసులుబాటును చాలామంది వడ్డీ లేని కాలంగా పొరబడతారు. వడ్డీ ఆగదు, పేరుకుంటుంది. సెమిస్టర్‌కు పది లక్షల చొప్పున నాలుగుసార్లు తీసుకున్నా, మొదటి విడత నుంచి రెండున్నరేళ్లకు 7 లక్షల 70 వేలు వడ్డీ కలిసి అప్పు 47 లక్షల 70 వేలవుతుంది. అప్పటి నుంచి ఈఎంఐ నెలకు సుమారు 65,700. పత్రాలు తాకట్టు పెట్టిన ఇంటి మీద తండ్రి సంతకం ఉంటుంది. తాకట్టు లేకుండా ఇచ్చే సంస్థల దగ్గరా అతనే సహ రుణగ్రహీత, పైగా అక్కడ వడ్డీ సాధారణంగా ఎక్కువ. కొడుకు కట్టలేకపోతే బ్యాంకు ఎవరి గుమ్మం దగ్గరకు వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

రెండో వక్త: అదే ఈఎంఐని డాలర్లలో చూస్తే 730. ఏడాదికి 75,000 డాలర్ల జీతంతో మొదలైనవారికి నెలకు 6,250. పన్నులు, అద్దె పోను 730 కట్టడం కష్టం కాదు, గట్టిగా అనుకుంటే మూడు, నాలుగేళ్లలో మొత్తం తీర్చేయవచ్చు. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ లాంటి స్టెమ్ కోర్సులకు ఓపీటీ, అంటే చదువయ్యాక పని చేసే అనుమతి, ఏడాది, దానిపై మరో 24 నెలల పొడిగింపు, వెరసి మూడేళ్లు పని చేసుకునే వీలుంది. అప్పు తీరడానికి సరిపోయే కాలం అదే. రూపాయి సంగతి కూడా ఇక్కడ తిరగబడుతుంది. 2024 ఆగస్టులో డాలరు 84 దగ్గర ఉన్నప్పుడు మొదటి ఫీజు కట్టినవారు 2025 డిసెంబరులో 90 దాటాక తర్వాతి ఫీజుకు ఎక్కువ రూపాయలు పెట్టాల్సి వచ్చింది. పైన వేసిన 66,000 డాలర్ల మీద ఆరు రూపాయల తేడా అంటే దాదాపు నాలుగు లక్షలు. కానీ రూపాయల్లో అప్పు తీసుకుని డాలర్లలో సంపాదించేవారికి అదే పతనం అప్పును తేలిక చేస్తుంది. రాబోయే జీతాన్ని పక్కన పెట్టేస్తే ఈ సగం కథ బడ్జెట్‌లో ఎక్కడా కనిపించదు.

మొదటి వక్త: 730 డాలర్లూ, 65,700 రూపాయలూ ఒకే ఈఎంఐ. ఆ విద్యార్థి ఏ దేశంలో ఉంటాడన్నదే అది బరువో తేలికో తేలుస్తుంది. అక్కడ ఉద్యోగం రాక హైదరాబాద్ తిరిగొచ్చి 50,000 జీతానికి చేరితే ఈఎంఐ జీతాన్ని దాటిపోతుంది. ఈ మాట ఊహతో చెప్పింది కాదు, నిబంధనల్లోనే ఉంది. ఓపీటీలో మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. స్టెమ్ పొడిగింపు వస్తే రెండూ కలిపి 150. ఆ తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసాకు ఏడాదికి ఉన్నవి 65,000, అమెరికా మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు 1,00,000 డాలర్ల చెల్లింపు విధించారు. అమెరికాలోనే ఉండి హోదా మార్చుకునేవారికి అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చినా, రెండేళ్ల ముందు అప్పు మీద సంతకం చేసిన ఏ తండ్రీ ఇలాంటి మార్పును లెక్కలో వేసుకుని ఉండడు. ఓపీటీ కూడా ప్రభుత్వ నిబంధనే, మారదన్న హామీ లేదు. డాలర్లలో అప్పిచ్చే సంస్థల దగ్గర తీసుకున్నవాడు తిరిగొస్తే పరిస్థితి మరీ దారుణం. రూపాయల్లో సంపాదించి డాలరు అప్పు తీర్చాలి.

రెండో వక్త: చదువయ్యాక ఉద్యోగం కోసం చూసే నెలలు అసలు బడ్జెట్లలో లేకపోవడం పెద్ద లోపమే. కనీసం మూడు నెలల బతుకు ఖర్చు, వెనక్కి వచ్చే టికెట్ ఖర్చుల వైపు చేరాలి. దానికి అభ్యంతరం లేదు. కానీ తిరిగి రావడం అంటే 50,000 జీతమే అనుకోవడం కూడా అన్యాయం. హైదరాబాద్‌లోనే పెద్ద బహుళజాతి కంపెనీల కేంద్రాలున్నాయి. అమెరికాలో రెండేళ్లు చదివి ఒక ఏడాది పని చేసి వచ్చినవారికి అక్కడ అంతకంటే చాలా మెరుగైన జీతం రావచ్చు.

మొదటి వక్త: రావచ్చు. ఆ "వచ్చు" మీద ఇల్లు పెట్టవచ్చా అన్నదే ప్రశ్న. అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. మొత్తం డబ్బు ముందే ఉండాలన్న నియమాన్ని అక్షరాలా పాటిస్తే నెలకు 40,000 తెచ్చే ఉద్యోగి ఇంటి నుంచి ఎవరూ వెళ్లలేరు. అతను పదేళ్లు కూడబెట్టినా 60 లక్షలు కావు, ఈలోపు ఫీజులూ డాలరూ పెరుగుతాయి. ఈ నియమం ఆస్తులున్నవారికి జాగ్రత్త, లేనివారికి నిషేధం. ప్రభుత్వ సాయం కొంత ఈ లోటు తీరుస్తుంది. తెలంగాణలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫులే పేరిట ఉన్న పథకం, మైనారిటీలకు ఉన్న పథకం అర్హులకు 20 లక్షల దాకా ఇస్తాయి. కానీ ఆ డబ్బు విడతలుగా వస్తుంది, అక్కడికి చేరాకే మొదటి విడత అడిగే వీలుంటుంది. మొదటి ఫీజు, టికెట్, ఇంటి అడ్వాన్సులకు ముందుగా వేరే డబ్బు చూసుకోవాల్సిందే.

రెండో వక్త: డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్నది మొత్తమంత ముఖ్యమే. సొంత డబ్బు పంపేవారికి కూడా ఇది వర్తిస్తుంది. 2025-26లో ఏడాదికి పది లక్షలు దాటి చదువుకు పంపే సొంత డబ్బు మీద బ్యాంకులు 5 శాతం టీసీఎస్ పన్ను ముందే పట్టుకున్నారు. బ్యాంకు రుణం నుంచి పంపిన దానిపై పట్టలేదు. ఇది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేస్తే సర్దుబాటు అవుతుంది లేదా తిరిగి వస్తుంది. పన్ను ఆదాయం లేని రైతు రిటర్న్ వేయకపోతే మాత్రం అది అక్కడే ఉండిపోతుంది. విద్యారుణ వడ్డీకి మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానం ఎంచుకున్న తండ్రి దాన్ని కోల్పోతాడు. ఇలాంటి చిన్న విషయాలే లక్షల తేడా తెస్తాయి.

మొదటి వక్త: జర్మనీ ప్రభుత్వం ఈ వివాదాన్ని మరోలా తేల్చింది. వీసాకు ముందే బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి, నెలకు 992 మాత్రమే బయటకు తీయనిస్తారు. ముందు డబ్బు, తర్వాతే ప్రయాణం. చాలా రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ రుసుము కొద్దిపాటిది. అమెరికాకు పెట్టే డబ్బులో సగంతోనే రెండేళ్లు గడుస్తాయి. అప్పు తక్కువ కాబట్టి తిరిగి వచ్చినా భయం తక్కువ.

రెండో వక్త: ఆ ఉదాహరణ రెండు వైపులా పదునైనదే. బ్లాక్డ్ ఖాతా చూపేది ఒక్క ఏడాది ఖర్చు. రెండో ఏడాది ఎక్కువమందికి గడిచేది అక్కడ చేసే పనితోనే. ఏడాదికి 140 పూర్తి దినాలు పని చేయనివ్వడమూ అందుకే ఉపయోగపడుతోంది. అంటే అంత కచ్చితమైన దేశంలోనూ రాబోయే సంపాదన బడ్జెట్‌లోకి వస్తూనే ఉంది. ఫీజు లేదన్న మాట కూడా అన్నిచోట్లా నిజం కాదు. బాడెన్-వుర్టెంబెర్గ్‌లో యూరోపియన్ యూనియన్ బయటివారికి సెమిస్టర్‌కు 1,500 యూరోలు ఉంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024-25 శీతాకాలపు సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కు చాలా కోర్సుల్లో 4,000 నుంచి 6,000 యూరోలు తీసుకుంటోంది. జర్మన్ భాష నేర్చుకోవడానికి పట్టే కాలానికీ ఖరీదుంది.

మొదటి వక్త: రెండో ఏడాది విషయం కాదనలేనిది. అయినా ఒక ఏడాది భద్రంగా ఉండి, చుట్టూ చూసుకుని పని వెతుక్కోవడానికీ, దిగిన నెల నుంచే అద్దె కోసం పరుగెత్తడానికీ పోలిక లేదు. దీన్ని అమెరికాకు వర్తింపజేస్తే కనీస హద్దు ఒకటి తేలుతుంది. మొదటి రెండు సెమిస్టర్ల ఫీజు, పన్నెండు నెలల ఖర్చు, చివర్లో మూడు నెలల నిల్వ ఏ సంపాదన మీదా ఆధారపడకూడదు. మరో హద్దు ఇంటివైపు ఉంది. తల్లిదండ్రుల ప్రస్తుత ఆదాయం మోయగలిగిన ఈఎంఐకి మించి అప్పు ఉండకూడదు. తాకట్టు పెట్టే ఇల్లు ఒక్క బిడ్డది కాదు. ఇంటర్ చదువుతున్న చెల్లెలి ఫీజు, తండ్రి మోకాలి ఆపరేషన్, అన్నీ ఆ ఇంటి మీదే ఉన్నాయి.

రెండో వక్త: మొదటి హద్దు ఒప్పుకోదగినదే. రెండోది ఒప్పుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. 40,000 జీతంలో మోయగలిగిన ఈఎంఐ 15,000 అనుకుంటే వచ్చే అప్పు 11 లక్షలు దాటదు. దానితో ఎమ్మెస్ జరగదు. చాలా ఇళ్లలో చెల్లెలి ఫీజు కట్టిందీ, ఇల్లు బాగు చేయించిందీ అలా అప్పు చేసి వెళ్లిన పెద్దవాడే. చేయగలిగింది వేరే ఉంది. అప్పు మొత్తం మంజూరు చేయించుకుని సెమిస్టర్‌కు అవసరమైనంతే తీసుకోవడం, ప్రతి ఫీజు గడువుకు ముందు ఇంట్లో కూర్చుని లెక్క మళ్లీ చూడటం. పరిస్థితి చేయి దాటుతుంటే తక్కువ ఫీజున్న విశ్వవిద్యాలయానికి సెవిస్ రికార్డు బదిలీ చేసుకోవచ్చు, హోదా పోదు.

మొదటి వక్త: బదిలీ సాధ్యమే గానీ మాస్టర్స్ క్రెడిట్లలో కొత్త విశ్వవిద్యాలయం ఒప్పుకునేవి కొన్నే ఉంటాయి. మిగిలినవి మళ్లీ చదవాలి, ఒక సెమిస్టర్ పెరుగుతుంది, ఆ ఆరు నెలల అద్దె, బీమా, వడ్డీ కొత్తగా చేరతాయి. మధ్యలో మానేసి రావాలంటే ఫీజు వాపసు క్లాసులు మొదలైన కొద్ది వారాల్లోనే తరిగి సున్నా అవుతుంది. మొదటి సెమిస్టర్ చివర ఆగిపోతే, ముందు వేసిన లెక్కలో అప్పటికే పదిహేను లక్షల పైన ఖర్చయి ఉంటుంది, చేతిలో పట్టా ఉండదు. ఆ అంకెను కూడా మొదటి రోజే కాగితం మీద రాసి, తల్లికీ తండ్రికీ చూపించి, వాళ్లు సరేనన్నాకే సంతకం చేయించాలి.

రెండో వక్త: రాయాలి. దాని పక్కనే మూడేళ్ల ఓపీటీలో అప్పు తీరితే ఆ ఇంటికి మిగిలే అంకెనూ రాయాలి. రెండూ చూసి, ఇల్లు పెట్టాలని వాళ్లే తేల్చుకుంటే, వద్దనే హక్కు బయటివారికి లేదు.

మొదటి వక్త: హక్కు లేదు. కానీ ఆ రెండు అంకెల్లో ఒకటి అప్పటికే ఖర్చయిపోయి ఉండే డబ్బు, మరొకటి రావాల్సిన డబ్బు. కాగితం మీద రెండూ ఒకే సిరాతో కనిపిస్తాయి. ఆ తేడాను సంతకం పెట్టే తండ్రికి విడమరిచి చెప్పే బాధ్యత వెళ్లే విద్యార్థిది, కన్సల్టెన్సీది కాదు.